ప్రేయింగ్ అని టైప్ చేసి చెరిపేశాను

2023 మే 6, శనివారం. పిల్లని ఈత క్లాసు నుంచి తీసుకొస్తున్నాను, కారులో ఉండగానే ఫోన్ ఆగకుండా మోగుతోంది. సిగ్నల్ దగ్గర చూస్తే అన్నీ వాట్సాప్ గ్రూపులే. "ఆలెన్ అవుట్‌లెట్స్‌లో షూటింగ్ అంట, ఎవడో తుపాకీతో కాల్చాడంట, మనవాళ్లెవరైనా అక్కడున్నారా?" అపార్ట్‌మెంట్ గ్రూపు, స్కూలు గ్రూపు, మా ఖమ్మం వాళ్ల గ్రూపు, అన్నిట్లో అదే ప్రశ్న. టెక్సాస్‌లో డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి ఆ షాపింగ్ చోటు గురించి చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే జెట్‌లాగ్ తీరగానే తీసుకెళ్లేది అక్కడికే, వాళ్లు తిరిగెళ్లే ముందు తమ్ముడికి షూలు, వదినకి హ్యాండ్‌బ్యాగు కొనేదీ అక్కడే. మేం ఉండేది ఫ్రిస్కోలో, ఇరవై ఐదు నిమిషాల దారి. సైజు సరిపోని ఒక జత మార్చుకోవడానికి ఆ రోజు వెళ్దామనుకుని బద్ధకించి మానేశాం. ఆ బద్ధకాన్ని ఏ దేవుడి ఖాతాలో వేయాలో నాకు ఇప్పటికీ తెలీదు, ఎందుకంటే బద్ధకించకుండా వెళ్లినవాళ్లూ ఉన్నారు కదా.

ఎనిమిది మంది పోయారు. వాళ్లలో ఒకే కొరియన్ కుటుంబంలో తల్లీ తండ్రీ మూడేళ్ల బాబు, ఎలిమెంటరీ స్కూలుకి వెళ్లే అక్కచెల్లెళ్లిద్దరు, ఇరవై ఏళ్ల సెక్యూరిటీ కుర్రాడు.

ఖమ్మంలో ఆదివారం తెల్లవారేసరికి అమ్మ ఫోన్. "టీవీలో వేస్తున్నారే, మీకెంత దూరం అది?" అమ్మ ఎప్పుడూ ముందు అడిగేది దూరమే. అందరం ఇంట్లోనే ఉన్నామని వీడియోలో ఒక్కొక్కరినీ చూపించాక గానీ నమ్మలేదు. తర్వాత పది నిమిషాలకి మళ్లీ చేసి, "పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు ముడుపు కట్టాను, పిల్లని తీసుకొచ్చి భద్రాచలంలో విప్పాలి, గుర్తుపెట్టుకో" అంది. సరేనన్నాను. మా ఇంట్లో భయానికి వాడే మందు అది, నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడూ అదే, వీసా లాటరీకీ అదే.

ఆ రాత్రి నిద్రపట్టక సీఎన్ఎన్ పెట్టుకుని కూర్చున్నాను. ఆలెన్ ఉండే నియోజకవర్గం కాంగ్రెస్ సభ్యుడు, అంటే ఇక్కడి ఎంపీ, తుపాకుల మీద ఆంక్షలు వద్దనే రిపబ్లికన్ పార్టీ మనిషి, కీత్ సెల్ఫ్ మాట్లాడుతున్నారు. ప్రార్థనలతో సరిపోదు అంటున్నవాళ్లకి మీరేం చెబుతారని యాంకర్ అడిగితే, మన జీవితాలన్నీ పూర్తిగా తన చేతిలో ఉంచుకున్న సర్వశక్తిమంతుడైన దేవుడిని నమ్మనివాళ్లు వాళ్లు, అనే అర్థంలో చెప్పి, ఆ తర్వాత మానసిక ఆరోగ్యం వైపు వెళ్లారు. నాకు మొదట కోపం రాలేదు, నిజం చెప్పాలంటే వింతగా మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఎవరు పోయినా ఆవిడ "ఆయుష్షు అంతే రాసుంది" అనేది. అదే మాట. కాకపోతే నాయనమ్మ ఆ మాట చావు జరిగిన ఇంట్లో, ఏడుస్తున్న మనిషి వీపు నిమురుతూ అనేది. ఆర్టీసీ బస్సు బోల్తా పడి నలుగురు పోతే డిపో మేనేజరు మైకు ముందుకొచ్చి ఆయుష్షు అంతే అన్నాడనుకోండి, మన ఊళ్లో ఊరుకుంటారా? మాట అదే, అన్న మనిషిని బట్టి దాని అర్థం మారిపోతుంది. కోపం అప్పుడొచ్చింది నాకు, అంటే రెండు గంటలు ఆలస్యంగా.

ఆదివారం రాత్రికి ఇంకో వార్త. పోయినవాళ్లలో ఒక తెలుగమ్మాయి ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడే ఇంజనీరుగా పనిచేస్తున్న పిల్ల, ముప్పై కూడా నిండలేదు. నాకు పరిచయం లేదు. అయినా ఆ రాత్రి నుంచి గ్రూపుల స్వరం మారిపోయింది. అప్పటిదాకా చేతులు జోడించిన బొమ్మలు వస్తున్నవి కాస్తా పనుల్లోకి దిగాయి: ఇంటివాళ్లకి ఎవరు చెప్పారు, హ్యూస్టన్‌లో కాన్సులేట్ నంబరు ఎవరి దగ్గరుంది, బాడీని ఇండియాకి పంపడానికి ఏ కాగితాలు కావాలి. ఇలాంటి వాటిలో మనవాళ్లకి, పాపం, చెయ్యి తిరిగిపోయింది. రోడ్డు ప్రమాదాలు, జలపాతాల్లో మునిగిపోయిన పిల్లలు, గుండెపోట్లు. ఓం శాంతి అని పెట్టిన చేత్తోనే ఫ్యూనరల్ హోమ్‌కి ఫోన్ చేస్తారు. ఎవరూ మెచ్చుకోని పని ఇది.

సోమవారం ఆఫీసు. పొద్దున్నే హెచ్ఆర్ మెయిల్ వచ్చింది. ఈ కంపెనీ మెయిళ్లలో నేను గమనించినది ఒకటుంది, "ప్రేయర్స్" అన్న మాటని జాగ్రత్తగా తీసేస్తారు, "థాట్స్" ఒక్కటే మిగులుస్తారు, "మా ఆలోచనలు మీతో ఉన్నాయి" అని. కింద కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ నంబరు. టీమ్ చాట్‌లో ఎవరో ఆ వార్త లింకు పెట్టారు. నేను అలవాటుగా "ప్రేయింగ్ ఫర్ ద ఫ్యామిలీస్" అని టైప్ చేస్తున్నాను, ఈలోగా ఆస్టిన్ నుంచి పనిచేసే కుర్రాడు ఒకడు "టీ అండ్ పీ, షరా మామూలే" అని పెట్టాడు. టీ అండ్ పీ అంటే థాట్స్ అండ్ ప్రేయర్స్, కాల్పులు జరిగినప్పుడల్లా ఇక్కడి నాయకులు చెప్పే మాట. మొదటిసారి చూసినప్పుడు ఏదో టీమ్ పేరనుకున్నాను నేను. దాని కింద నాలుగు నవ్వు బొమ్మలు, రెండు కోపం బొమ్మలు. నేను టైప్ చేసింది చెరిపేశాను. అలా రాస్తే ఇక్కడ నేను ఏ పార్టీయో తేల్చేస్తారని అర్థమైంది. గుడికి వెళ్లే మనిషిని, తుపాకుల చట్టాలు కఠినంగా ఉండాలనుకునే మనిషిని కూడా, ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చన్న సంగతి ఆ చాట్ బాక్సులో పట్టదు.

ఈ గొడవ ఆలెన్‌తో మొదలైంది కాదు. 2015 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినోలో 14 మందిని చంపినప్పుడు న్యూయార్క్ డైలీ న్యూస్ పత్రిక మొదటి పేజీ నిండా "దీన్ని దేవుడు బాగుచేయట్లేదు" అన్న అర్థంలో హెడ్డింగ్ పెట్టి, ప్రార్థనల ట్వీట్లు పెట్టిన నాయకుల మాటలు చుట్టూ అచ్చేసింది. కనెటికట్ సెనేటర్ క్రిస్ మర్ఫీ, మళ్లీ ఏమీ చేయకుండా ఉంటే మీ ప్రార్థనలు క్షమాపణ కోసం చేసుకోండి అన్నట్టు రాశారు. అవతలివాళ్లకి అది దేవుడి మీద దాడిలా కనిపించింది. అప్పటినుంచి ప్రతిసారీ ఇదే వరస, ముందు ప్రార్థన ట్వీటు, తర్వాత దాని మీద వెటకారం, ఆ వెటకారం మీద ఆగ్రహం. మూడో రోజుకి వాదన అంతా ప్రార్థన గురించే జరుగుతుంటుంది, తుపాకీ ఊసు పక్కకి పోయుంటుంది. ఎవరికి లాభమో వేరే చెప్పాలా?

మళ్లీ ఆఫీసుకొస్తాను. మా టీమ్‌లో ఒక టెక్సాస్ పెద్దాయన ఉన్నారు, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న బాప్టిస్టు క్రైస్తవుడు, భోజనం ముందు కళ్లు మూసుకోకుండా ముద్ద ముట్టరు. ఆ మధ్యాహ్నం నా డెస్క్ దగ్గరికొచ్చి, ఆ అమ్మాయి మీవాళ్లమ్మాయేనట కదా, పేరు ఎలా పలకాలి అని అడిగారు. చెప్పాను. మూడుసార్లు పలికి సరిచేసుకున్నారు. తర్వాత "మీతో కలిసి ప్రార్థించవచ్చా?" అన్నారు. మనకి ఇది కొత్త. ఎవరి చేతులు వాళ్లు జోడించుకుని మనసులో అనుకోవడం మన పద్ధతి, ఇక్కడ మన చెయ్యి పట్టుకుని పైకి చెప్తారు. బ్రేక్ రూమ్‌లో కాఫీ మెషీన్ పక్కన నిలబడి ఆయన ఆ పిల్ల పేరు సరిగ్గా పలికి, అక్కడ ఆమె తల్లిదండ్రులకి ధైర్యం ఇమ్మని అడిగారు. నాకు ఏడుపొచ్చింది. పొద్దున్న వచ్చిన మెయిల్‌కి రాలేదు.

అదే పెద్దాయనతో గురువారం లంచ్‌లో వాదన పెట్టుకున్నాను, చిన్నగానే. ఆయన ఇంట్లో తుపాకులున్నాయి, చాలా. ఆలెన్‌లో వాణ్ని ఆపింది ఎవరు, వేరే పని మీద అక్కడికొచ్చిన పోలీసాయన తుపాకీయే కదా అన్నారు. 2017లో సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో ప్రార్థన జరుగుతుండగా కాల్చినప్పుడు కూడా ఎదురుకాల్పులు జరిపింది పక్కింటాయనే అన్నారు. నిజమే. ఆ చర్చిలో అప్పటికే 26 మంది పోయారన్నదీ నిజమే, కడుపులో బిడ్డని కూడా కలిపి లెక్కేస్తారు ఇక్కడ. ఆలెన్‌లో ఆ పోలీసాయన ఎంత త్వరగా చేరినా ఎనిమిది మంది పోయారు. నేను ఆ మాట అంటే ఆయన ప్లేటులోకి చూస్తూ ఉండిపోయారు. నా దగ్గరా ఆయన్ని మార్చే మాట లేదు.

ఆ సోమవారమే టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో ఇంకోటి జరిగింది. ఇదే రాష్ట్రంలో యువాల్డే స్కూల్లో 2022 మే 24న కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు కదా, ఆ తల్లిదండ్రులు నెలల తరబడి అసెంబ్లీ చుట్టూ తిరుగుతున్నారు, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనే వయసు 18 నుంచి 21కి పెంచమని. మే 8న కమిటీలో ఆ బిల్లు 8-5 ఓట్లతో గట్టెక్కింది, ఇద్దరు రిపబ్లికన్లు కూడా ఓటేశారు. ఆ తల్లిదండ్రులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన దృశ్యం టీవీలో చూశాను. మర్నాటికి గడువు దాటిపోయి బిల్లు అక్కడే ఆగిపోయింది. ఆలెన్‌లో కాల్చినవాడికి 33 ఏళ్లు, ఆ చట్టం ఉన్నా వాణ్ని ఆపేది కాదు, అది కూడా చెప్పాలి. కానీ ప్రార్థన చేసేవాళ్లు, చట్టం అడిగేవాళ్లు అని రెండు గుంపులుగా చెప్పేవాళ్లని నేను ఆ తల్లుల్ని చూడమంటాను, మెడలో శిలువ, చేతిలో పిల్లవాడి ఫొటో.

శిలువ అంటే గుర్తొచ్చింది. ఆ వారం అవుట్‌లెట్స్ దగ్గర రోడ్డు పక్కన ఎనిమిది శిలువలు నాటారు, పేర్లు రాసి. పూలు, టెడ్డీబేర్లు, కొవ్వొత్తులు. మేమూ వెళ్లాం, ఇండియన్ స్టోర్‌లో దొరికిన బంతిపూలు పట్టుకుని. మన పిల్లకి శిలువేమిటని మా ఆయన మెల్లిగా అన్నాడు. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. పెట్టినవాళ్లకి దుఃఖం చెప్పుకోవడానికి తెలిసిన గుర్తు అదొక్కటే, వేరేది వాళ్లకి రాదు, అంతే. పూలు కింద పెట్టి దణ్ణం పెట్టుకున్నాం. పక్కన ఒక స్పానిష్ మాట్లాడే ఆవిడ మా పాపకి తన కొవ్వొత్తుల్లో ఒకటి ఇచ్చింది.

"ప్రార్థనలు చాలు, ఏదైనా చెయ్యండి" అంటారు కదా, ఆ "చెయ్యండి"లో నాలాంటివాళ్లు ఎక్కడుంటారో నాకు తెలీదు. పదకొండేళ్లుగా ట్యాక్స్ కడుతున్నాను, ఓటు లేదు. గ్రీన్‌కార్డు క్యూ నా రిటైర్మెంట్ లోపు కదిలితే గొప్ప. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ కొనే వీలు కూడా మామూలుగా ఉండదు, వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప (ఆ లైసెన్సు తీసుకుని వారాంతాల్లో ఫైరింగ్ రేంజ్‌కి వెళ్లే మనవాళ్లు నాకు తెలుసు, అదో కథ). ర్యాలీకి వెళ్దామంటే "ఫొటో పడితే వీసా స్టాంపింగ్‌లో తలనొప్పి, ఎందుకే" అని స్నేహితురాలు. ఒకసారి ఒక ప్రజాప్రతినిధి ఆఫీసుకి ఫోన్ చేశాను. మర్యాదగల కుర్రాడు ఎత్తాడు, జిప్ కోడ్ రాసుకున్నాడు, మెసేజ్ అందజేస్తానన్నాడు, రెండు నిమిషాల్లో అయిపోయింది. ఓటున్నవాడు, చట్టం రాసేవాడు ప్రార్థన చేసి ఊరుకోవడం వేరు, అమ్మ ఖమ్మంలో కూర్చుని ముడుపు కట్టడం వేరు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనొద్దని సామెత ఉంది మనకి. తలుపు గొళ్లెం చేతిలో ఉన్నవాడికి అది తగులుతుంది. అమ్మ చేతిలో ఏ గొళ్లెమూ లేదు.

మొక్కులో ఇంకోటి ఉంది, అది అప్పు. తీర్చాలి. తిరుపతికి నడిచి వెళ్లాలో, తలనీలాలివ్వాలో, మొక్కినవాడి ఒంటికి ఏదో ఒకటి తగలాలి. ఇక్కడ పెద్దవాళ్ల ప్రార్థన ట్వీట్లు నాకు బోలుగా అనిపించడానికి కారణం బహుశా ఇదే, తీర్చాల్సింది ఏదీ వాళ్లు మొక్కుకోరు.

మేం వెళ్లే ఒక గుడి గుమ్మం దగ్గర, చెప్పులు ఇక్కడ విడవండి అన్న బోర్డు పక్కనే, తుపాకులతో లోపలికి రాకూడదని టెక్సాస్ చట్టం సెక్షన్ నంబర్లతో ఇంగ్లీషులో, స్పానిష్‌లో పెద్ద బోర్డులుంటాయి. పండగ రోజుల్లో గేటు దగ్గర డబ్బులిచ్చి పెట్టుకున్న పోలీసాయన ఉంటాడు. మొదట్లో వచ్చిన బంధువులు ఆ బోర్డుకి ఫొటోలు తీసుకునేవారు. మా పాపకి కిండర్‌గార్టెన్ నుంచే, స్కూల్లోకి తుపాకీతో ఎవరైనా వస్తే ఏం చేయాలో చెప్పే "లాక్స్, లైట్స్, అవుట్ ఆఫ్ సైట్" వచ్చు, తలుపు గడియ, దీపాలు ఆర్పడం, కనపడకుండా గోడ వార కూర్చోవడం, రైమ్‌లాగా చెప్తుంది.

2025 ఆగస్టు 27న మిన్నియాపొలిస్‌లో అనన్సియేషన్ కాథలిక్ చర్చిలో స్కూలు పిల్లలు పొద్దుటి పూజలో ఉండగా కిటికీల్లోంచి కాల్చారు. స్కూళ్లు తెరిచిన మొదటి వారం. ఎనిమిదేళ్ల పిల్లవాడు, పదేళ్ల పాప పోయారు, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. మేయర్ జేకబ్ ఫ్రే, థాట్స్ అండ్ ప్రేయర్స్ అనకండి, ఆ పిల్లలు ప్రార్థనలోనే ఉన్నారు అన్నారు. ప్రార్థన చాలదని, బైడెన్ హయాంలో వైట్‌హౌస్ ప్రతినిధిగా చేసిన జెన్ సాకీ ఘాటుగా రాస్తే, ప్రార్థిస్తూ పిల్లలు పోయిన వేళ ప్రార్థించేవాళ్ల మీద పడతారెందుకని ఉపాధ్యక్షుడు వాన్స్, ఆ మాటలు అవమానకరమని వైట్‌హౌస్ ప్రతినిధి. మళ్లీ అదే వరస. ఆ స్కూలు ప్రిన్సిపాల్ ఒక్కరే నాకు వినబడ్డారు, ప్రార్థించేటప్పుడు కాళ్లు కూడా కదపాలని ఒక ఆఫ్రికన్ సామెత చెప్పారు. ఆయన కాల్పులప్పుడు అక్కడే ఉన్న మనిషి.

ఆ పొద్దున టీమ్ చాట్‌లో ఆస్టిన్ కుర్రాడు ఈసారి ఏమీ పెట్టలేదు. వాడికి ఈ మధ్యే బిడ్డ పుట్టింది. పెద్దాయన రిటైరయ్యారు. నేనే "ప్రేయింగ్" అని పెట్టి, కింద మా డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డు మీటింగ్ తేదీ కూడా పెట్టాను. ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టారు.

అమ్మ ఫోన్. "అది మీకెంత దూరం?"

"హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఎంతో అంతమ్మా."

"అయితే దూరమేలే." కాసేపాగి, "ఆ ముడుపు ఇంకా అలాగే ఉందే, రెండేళ్లు దాటింది. ఎప్పుడొస్తారు?"

స్టాంపింగ్ స్లాట్ దొరికితే డిసెంబర్‌లో అన్నాను.