ప్రెషర్ పెట్టిన కొబ్బరినీళ్లకు మళ్లీ ఫ్రిజ్ ఎందుకు?

హన్మకొండలో కొన్ని షాపుల్లో ఈ మధ్య ‘వేడి చేయలేదు, ప్రిజర్వేటివ్‌లు లేవు, హై ప్రెషర్‌తో శుద్ధి చేశాం’ అని రాసిన జ్యూస్, కొబ్బరినీళ్ల సీసాలు కనిపిస్తున్నాయి. మా బావ వాదన ఏంటంటే, ప్రెషర్ అంటే కుక్కరే కదా, లోపల అన్నీ చచ్చిపోయి ఉంటాయి, ఇక బయట పెడితే ఏమైతది అని.

కుక్కర్‌లో క్రిముల్ని చంపేది ప్రెషర్ కాదు బావా, వేడి. ప్రెషర్ వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటి 120 దాకా వేడెక్కుతాయి, అంతే. ఇక్కడేమో మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలను నీళ్లు నింపిన మందపాటి ఉక్కు గదిలో పెట్టి, 600 మెగాపాస్కల్స్ దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 6000 రెట్లు, కొద్ది నిమిషాలు నొక్కి ఉంచుతారు. సముద్రాల్లో అన్నిటికంటే లోతైన మరియానా ట్రెంచ్ అడుగున ఉండే ఒత్తిడి ఇందులో ఐదో వంతు కూడా ఉండదు! ఆ ఒత్తిడికి బాక్టీరియా పైపొర, లోపలి ప్రొటీన్లు దెబ్బతింటాయి గానీ విటమిన్ల లాంటి చిన్న అణువులు చాలావరకు అలాగే ఉంటాయి, అందుకే రుచి పెద్దగా మారదు. 1899లోనే అమెరికాలో బెర్ట్ హైట్ అనే ఆయన పాల మీద ఇది చేసి చూశాడు, జపాన్ వాళ్లు ఈ పద్ధతిలో చేసిన జామ్ అమ్మకానికి పెట్టేసరికి 1990 వచ్చింది.

అసలు సంగతి, అన్నీ చావవు. ఈస్టులు, బూజులు త్వరగా పోతాయి. తిండి ద్వారా జబ్బు తెచ్చే లిస్టీరియా లాంటి బాక్టీరియా కాస్త మొండివి, పైగా ఫ్రిజ్ చలిలో కూడా మెల్లగా పెరగగలవు. కొన్ని చావకుండా గాయపడి ఊరుకుంటాయి, అప్పటికప్పుడు టెస్ట్ చేస్తే కనిపించకపోవచ్చు, కొన్ని రోజులకు తేరుకుని మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. నిమ్మరసం లాంటి పుల్లటి వాటిలో ఆ తేరుకోవడం కష్టం, పాలలోనో కొబ్బరినీళ్లలోనో సులువు.

ఇక స్పోర్లు. కొన్ని బాక్టీరియా కష్టకాలంలో గట్టి పొరల్లో ముడుచుకుని స్పోర్లుగా మారతాయి, వాటిని మామూలు ఉష్ణోగ్రతలో 600 మెగాపాస్కల్స్ కూడా చంపలేదు. నరాలను చచ్చుబడేసే బాటులిజం అనే జబ్బు తెచ్చే క్లాస్ట్రిడియం బాక్టీరియా స్పోర్లు అలాంటివే. ఆ బాక్టీరియాకు గాలి అక్కర్లేదు, పీహెచ్ (పులుపు కొలత, ఎంత తక్కువుంటే అంత పులుపు) 4.6 కంటే ఎక్కువ ఉంటే చాలు, కొబ్బరినీళ్లది సుమారు 5. మూసిన సీసా, తీపి నీళ్లు, పోటీకి వేరే బాక్టీరియా కూడా లేదు, ఇంకేం కావాలి? అది వదిలే విషం వాసనకో రుచికో తెలియాలని కూడా లేదు.

ఇలాంటి పులుపు లేని వాటిలో వాటిని అదుపులో ఉంచేది ముఖ్యంగా చలే, అందుకే లేబుల్ మీద ఫ్రిజ్‌లో ఉంచమని రాస్తారు. వరంగల్ మే నెల ఎండల్లో, కరెంటు పోతూ వస్తూ ఉంటే, రాత్రి ఫ్రిజ్ ఆపేసే షాపులో ఆ సీసా ఎలా ఉందో ఎవరికి తెలుసు? కౌంటర్ మీద పెట్టి అమ్మే సీసా అయితే నేను ముట్టుకోను, రోడ్డు పక్కన కళ్ల ముందే కొట్టిచ్చే బోండం తాగుతా, అది చవక కూడా.