నీళ్లు పైకెక్కాయి

ఇవాళ ఎనిమిదో తరగతికి రెండు పీరియడ్లు కలిపి తీసుకున్నాను. తిప్పుతుంటే నీళ్లను పైకెక్కించే ఆర్కిమెడిస్ స్క్రూ పిల్లల చేత చేయించాలని వారం నుంచీ అనుకుంటున్నా. గ్రూపుకో రెండంగుళాల పీవీసీ గొట్టం, దానికి చుట్టడానికి తాపీమేస్త్రీలు వాడే లెవెల్ పైపు, టేపు, రెండు బకెట్లు, అంతే సామాను. పైపును గొట్టానికి మెలికలుగా చుట్టి, కింది కొస నీళ్ల బకెట్లో ముంచి, గొట్టాన్ని వాలుగా పట్టుకుని తిప్పాలి. నీళ్లు బాగా కనపడాలని బట్టలకు పెట్టే నీలం కలిపాను.

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో సిరక్యూస్ అనే గ్రీకు నగరంలో ఉన్న శాస్త్రవేత్త ఆర్కిమెడిస్ పేరే దీనికి ఉంది, ఆయనకంటే ముందే ఉందని కొందరంటారు, నైలు ఒడ్డున పొలాలకు దీంతోనే నీళ్లు తోడేవాళ్లు. కథ అక్కడితో ఆపేశాను, పిల్లల చూపంతా పైపు మీదే ఉంది మరి.

మొదటి గ్రూపు ఎంత తిప్పినా చుక్క రాలేదు. చిల్లు పడిందేమోనని పైపంతా తడిమారు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది కానీ ఆగాను. కాసేపటికి ఒకమ్మాయి గొట్టం లాక్కుని రెండో వైపుకి తిప్పింది, అంతే, నీలం నీళ్లు చుట్టు తర్వాత చుట్టు ఎక్కుతూ వచ్చి పై బకెట్లో పడ్డాయి. ఆ అరుపులకి పక్క తరగతి వాళ్లు కూడా కిటికీ దగ్గరికి వచ్చేశారు.

ఇంకో గ్రూపు పైపు చాలదేమోనని ఎడంగా చుట్టారు. గొట్టాన్ని కాస్త నిలువుగా పెడితే నీళ్లు జారిపోతున్నాయి, వాలుగా పెడితే ఎక్కుతున్నాయి. దగ్గరగా చుట్టినవాళ్లది అంత నిలువులోనూ ఎక్కింది. ఎడంగా చుట్టినవాళ్లే వెళ్లి పక్కవాళ్ల చుట్లు చూసొచ్చి, విప్పి మళ్లీ చుట్టారు.

"నీరు పల్లమెరుగు అంటారు కదా టీచర్, మరి పైకెలా పోతున్నాయి?" అని ఒకడు అడిగాడు. ఇన్నేళ్లూ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. గొట్టం మెల్లగా తిప్పి చూడమన్నాను. నీళ్లు ప్రతి చుట్టులో ఆ చుట్టు అడుగుకే జారుతున్నాయి, తిప్పేకొద్దీ ఆ అడుగే పైకి జరుగుతోంది. వాడే గట్టిగా చెప్పాడు, "నీళ్లు పల్లానికే పోతున్నాయి టీచర్, పల్లమే పైకి పోతోంది!" ఆ మాట విని నాకు ఒళ్లు పులకరించింది.

బెల్లు కొట్టాక ఇంకొకడు వచ్చి, వరికోత మిషన్ ట్రాక్టర్లోకి వడ్లు పోసే గొట్టంలో కూడా ఇదే ఉంటుందా అన్నాడు. అవునన్నాను. రేపు వాళ్ల చేలో కోతట, చూసొస్తానన్నాడు. ఇంజిన్ ఆపాకే దగ్గరికి వెళ్లాలని రెండుసార్లు చెప్పి పంపాను.