ఒక బంతి, రెండు పాలేలు

ఊళ్ల పేర్లు రాయను. ఏ పాలెం పేరు ముందు రాసినా రెండోవాళ్లు ఊరుకోరని, నన్ను తీసుకెళ్లిన మిత్రుడు ముందే ఒట్టు వేయించుకున్నాడు. కావలికి తూర్పున, సముద్రం ఒడ్డున రెండు పట్టపుపాలేలు, అంటే జాలరి ఊళ్లు, నడుమ ఒక సరుగుడు తోపు. అంతవరకే చెప్పగలను. ఏటా జనవరి 26న ఆ రెంటి మధ్యా ఫుట్‌బాల్ ఆట.

జనవరి 26 పొద్దున కావలిలో కారం దోసె తిని ఆటో ఎక్కాం. తుమ్మలపెంట దారి పట్టాక కాసేపు రొయ్యల చెరువులు, ఏరియేటర్ల హోరు. బకింగ్‌హాం కాలువ దాటేసరికి గాలిలో ఎండుచేపల వాసన. పాలెం బడిలో జెండా ఎగరేసి పిల్లలకు చాక్లెట్లు పంచారు. ఆ పిల్లలే చొక్కాలు విప్పి జేబులో కుక్కుకుని ఒడ్డుకు పరుగు. ఆ రోజు ఎవరూ వేటకు పోకూడదని రెండు ఊళ్ల పెద్దకాపులూ (ఊరి పెద్దలు) దురాయి (కట్టడి) వేశారు.

"ఎవరి పక్కయా నువ్వు?" అని నన్ను కనీసం పదిమంది అడిగుంటారు. తోపు మధ్యలో కూర్చున్నాను.

ఈ ఆట ఎట్లా మొదలైందో ఒక పెద్దాయన చెప్పాడు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. సాయం లారీల్లో దుప్పట్లు, గిన్నెలు, పాత బట్టలు వచ్చాయి. ఒక మూటలో ఎట్లా దూరిందో గాని ఫుట్‌బాల్ ఒకటి! మూట మాదంటే మాదని రెండు పాలేల కుర్రాళ్లు కొట్టుకోబోయారు. గెలిచినోళ్లు ఉంచుకోండని పెద్దలు తీర్పు చెప్పారట. సునామీకి సరిగ్గా నెల, జనవరి 26న మొదటి ఆట. "ఇళ్లలో ఇసక ఇంకా ఎత్తిపోయలా. అయినా ఆడినాం" అన్నాడాయన.

పాటుకు నీళ్లు వెనక్కి పోయిన తడి ఇసక మీదే ఆట. మూడు వైపులా ముగ్గుతో గీత, నాలుగో వైపు అలే గీత. మోకాటి లోతు దాకా బంతి ఆటలో ఉన్నట్టే లెక్క. సరుగుడు కట్టెలు గోల్ స్తంభాలు, వాటికి పాత చేపల వల. రెండు ఊళ్లకూ చుట్టరికం లేని వ్యాయామ టీచరును కావలి నుంచి రిఫరీగా పిలిపించారు. బూట్లు వేసుకోమని ఆయన ఏటా మొత్తుకుంటాడట. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారనీ, అదే జట్టును మన హైదరాబాదు కోచ్ రహీం సాబ్ నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్లాడనీ చెప్పాడు. కుర్రాళ్లు శ్రద్ధగా విని, వట్టి కాళ్లతోనే దిగారు. ఆ ఇసకలో బూట్లు ఎందుకని నాకూ అనిపించింది.

మొదటి సగం నీళ్లలోనే గడిచిపోయింది. ఇక ఆట ముగుస్తుందనగా దక్షిణం పాలెం కుర్రాడు ఒకటి బలంగా తన్నాడు. బంతి వల వెనక, ఒడ్డుకు లాగిన పడవ దగ్గర ఆగింది. గోలని వీళ్లు, కట్టె పక్కనుంచి పోయిందని వాళ్లు. వలకి జానెడు చిల్లు. రిఫరీ ఈల ఎవరికీ వినపడలేదు. అప్పుడాయన తెలివైన పని చేశాడు. ఊరికొక ముసలాయన్ని పిలిచి, వల చూసి చెప్పమన్నాడు.

ఇద్దరూ గొంతుక్కూర్చుని పోగులు వేళ్లతో తడిమారు. "కొత్త తెంపే. పోగులన్నీ బయటికి తిరిగినయ్. బంతి లోపల్నించే పోయింది" అన్నాడు ఒకాయన. ఆయనది ఉత్తరం పాలెం! రెండో ముసలాయన మాట కూడా అడక్కుండానే రిఫరీ గోలు ఇచ్చేశాడు. "అన్నం పెట్టేది ఏ ఊరో ఇంటికొచ్చినాక చెప్తా" అని ఆ ఉత్తరం ముసలాయన కోడలు అందరి ముందే కేకేసింది.

ఓడిన కసంతా చేపల వేలంపాటలో తీరింది. పోటీ సంగతేమో గాని, నేను అంత దూరం వెళ్లింది ఈ పాట చూడ్డానికే. ముందురోజు వేటలో ఒక్కో పడవా ఒక చేప ఇస్తుంది. చందువ, కానాగంతలు మర్యాదగానే పలికాయి. ఏడు కిలోల వంజరం దగ్గర ఉత్తరంవాళ్లు పట్టు పట్టారు. బజార్లో ఐదు వేలు దాటని చేపని పదకొండు వేలకు పాడుకుని, ఎదుటివాళ్ల వంక చూస్తూ తలకెత్తుకున్నారు. డబ్బంతా స్టీలు క్యానులో వేసి మూతకు తాళం పెట్టారు. క్యాను ఒక ఏడు వాళ్ల దగ్గర, తాళంచెవి వీళ్ల దగ్గర. మరుసటేడు మారుతుంది.

"జూన్‌దాకా తియ్యం" అంది తాళంచెవి కొంగుకు ముడేసుకున్నామె. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. బడి తెరిచేది జూన్ 12న. నోటు పుస్తకాలు, ఫీజులు కావాల్సిన నాటికి ఏ ఇంట్లోనూ చేతిలో రూపాయి ఆడదు. ఈ డబ్బు రెండు ఊళ్ల పిల్లలకూ.

పొయ్యిల మీద పులుసు తెర్లుతుంటే గోల్ దగ్గరికి నడిచాను. తీర్పు చెప్పిన ముసలాయన ఒక్కడే కూర్చుని చిల్లు కడుతున్నాడు. అప్పుడే ఎందుకు తాతా అన్నాను.

"వచ్చే ఏడికి గట్టి వల ఉండాలయా. మావోళ్లు ఓడితే ఓడనీ, సాక్ష్యం చెప్పే పని మాత్రం నాకొద్దు."