గల్ఫ్ వీసా క్యాన్సిల్ చేయించుకుని వచ్చేసే ముందు

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, నరసాపురం వైపు ఊళ్లలో గల్ఫ్‌కి ఎలా వెళ్లాలో చెప్పేవాళ్లు వీధికొకరు ఉంటారు. అక్కడి నుంచి పూర్తిగా ఎలా వచ్చేయాలో చెప్పేవాళ్లే తక్కువ. ఐదేళ్లు, పదేళ్లు కష్టపడి చివరి నెల రోజుల్లో తొందరపడి రావలసిన డబ్బు వదులుకుని వచ్చేవాళ్లు అందుకే ఇంతమంది.

పనులన్నిటినీ ముందు రెండుగా విడదీసుకోవాలి. కొన్ని అక్కడ ఉండగానే తేలాలి. సర్వీసు డబ్బు (చేసిన ఏళ్లకు లెక్కకట్టి, మానేటప్పుడు యజమాని ఇచ్చేది), అనుభవ పత్రం, పోలీసు క్లియరెన్స్, అక్కడి బ్యాంకు, కేసులు, జరిమానాలు ఈ కోవలోవి. మిగతావి ఇంటికొచ్చాక నిదానంగా చేసుకోవచ్చు. జనం తరచూ దీన్ని తలకిందులుగా చేస్తారు. దుప్పట్లు, సెంట్లు, కార్గో పెట్టెల మీద నెలంతా తిరిగి, సెటిల్‌మెంట్ (ఆఖరి లెక్కల) కాగితం మీద మాత్రం విమానాశ్రయానికి వెళ్లే రోజు పొద్దున్న సంతకం పెడతారు. విమానం ఎక్కిన మనిషికి అడిగే బలం సగానికి సగం తగ్గిపోతుంది. తర్వాత ఫోన్లు, వకీలు, అధికార పత్రాలు అంటూ తిరగాల్సిందే.

కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. ముందుగా మీ కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో, అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) ఎప్పటిదాకా ఉందో, నోటీసు ఎన్నాళ్లో చూడండి. కువైట్ ప్రైవేటు కంపెనీల్లో నెల జీతగాళ్లకు నోటీసు మూడు నెలలు. ఇవ్వకుండా మానేస్తే ఆ మూడు నెలల జీతం మీరే ఎదురు కట్టాల్సి రావచ్చు. నోటీసు కాగితం మీద ఇచ్చి, రెండో ప్రతి మీద కంపెనీ ముద్ర, తేదీ వేయించుకోండి. వాట్సాప్‌లో పెట్టిన మాట మీదే ఆధారపడొద్దు.

ఇక సర్వీసు డబ్బు. అన్నిటికంటే ఎక్కువ నష్టపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

కువైట్‌లో 2010 నాటి 6వ నంబరు చట్టం ప్రకారం నెల జీతగాడికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం వస్తుంది. మొత్తం ఏడాదిన్నర జీతం దాటదు. రోజు జీతం లెక్కకు నెలను 30తో కాదు, 26తో భాగించాలి. నెలకు 120 దీనార్ల మీద ఏడేళ్లు చేసిన మనిషినే తీసుకోండి. 120ని 26తో భాగిస్తే రోజుకు 4.615. మొదటి ఐదేళ్లకు 75 రోజులు, అంటే 346 దీనార్లు. మిగిలిన రెండేళ్లకు 240. మొత్తం 586. కంపెనీ తీసేసినా, గడువున్న కాంట్రాక్టు ముగిసి మళ్లీ రాయకపోయినా ఈ 586 పూర్తిగా రావాలి. అదే మనిషి తనంతట తాను రాజీనామా రాస్తే వచ్చేది మూడింట రెండు వంతులే, 391 దీనార్లు. మూడేళ్ల లోపు రాజీనామాకు ఏమీ రాదు. మూడు నుంచి ఐదేళ్ల మధ్య సగం వస్తుంది. పదేళ్లు నిండితే రాజీనామా అయినా పూర్తిగా వస్తుంది. పెళ్లి కారణంగా, పెళ్లైన ఏడాదిలోపు మానేసే ఆడవాళ్లకు కూడా పూర్తి డబ్బు ఇవ్వాలని చట్టంలో ఉంది.

అందుకే ఉత్తరం ఎవరు రాస్తున్నారన్నది చాలా ముఖ్యం. కంపెనీయే మనుషుల్ని తగ్గించుకుంటూ, ‘రాజీనామా అని రాసి సంతకం పెట్టు, త్వరగా పంపేస్తాం’ అంటే ఆ ఒక్క మాటతో పై లెక్కలో 195 దీనార్లు పోతాయి. కాంట్రాక్టు గడువు నాలుగు నెలల్లో ముగుస్తుంటే ఆ నాలుగు నెలలు ఓపిక పట్టడమే మంచిది. తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలు చేసినవాళ్లు పదేళ్లు నిండకుండా రాజీనామా రాయకూడదు.

సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల, తర్వాత ఏడాదికి నెల చొప్పున లెక్క. రాజీనామా అయితే రెండేళ్ల లోపు ఏమీ రాదు, ఐదేళ్ల లోపు మూడో వంతు, పదేళ్ల లోపు మూడింట రెండు వంతులు, పదేళ్లు నిండితే పూర్తిగా వస్తుంది. ఎమిరేట్స్‌లో ఏడాది నిండితే చాలు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజులు, తర్వాత 30 రోజులు. 2022 ఫిబ్రవరిలో అమలుకొచ్చిన కొత్త చట్టం తర్వాత రాజీనామా పేరుతో కోత లేదు, పని ముగిసిన 14 రోజుల్లో ఇవ్వాలి. కానీ అక్కడ లెక్క బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) మీద. చేతికి 1,500 దిర్హాములు వస్తున్నా కాంట్రాక్టులో బేసిక్ 800 అని ఉంటే ఏడేళ్లకు 4,400 దిర్హాములే. 1,500 మీద లెక్క వేసుకుని ఊళ్లో అప్పు తీరుస్తానని మాట ఇచ్చేసినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఖతర్‌లో ఏడాదికి కనీసం మూడు వారాల బేసిక్ ఉంటుంది.

ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు తమకు సర్వీసు డబ్బు ఉంటుందనే అనుకోరు. కువైట్‌లో ఉంటుంది. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం కాంట్రాక్టు ముగిశాక ఏడాదికి నెల జీతం చొప్పున ఇవ్వాలి. 110 దీనార్ల మీద నాలుగేళ్లు చేస్తే 440. మామ (ఇంటి యజమానురాలు) మీరు వెళ్లేటప్పుడు ఓ గొలుసో, నాలుగు చీరలో పెడితే అది ఆమె మంచితనం. ఈ డబ్బు లెక్క దానితో కలవదు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకునే హక్కు కూడా యజమానికి లేదు. జీతం చేతికే ఇచ్చే ఇళ్లలో ప్రతి నెలా రసీదు మీద సంతకం తీసుకుంటారు కదా, ఆ రసీదును మీ ఫోన్‌లోనూ ఫొటో తీసి ఇంటికి పంపి ఉంచండి. తగాదా వస్తే గృహ కార్మికుల శాఖలో చూపించడానికి అదే ఆధారం.

ఇప్పుడు ఆ సెటిల్‌మెంట్ కాగితాన్ని దగ్గరగా చూడండి. సాధారణంగా ఒకటే పేజీ, కుడి పక్క అరబ్బీ, ఎడమ పక్క ఇంగ్లీషు, ఒక్కోసారి అరబ్బీ ఒక్కటే. పైన పేరు, బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) నంబరు, చేరిన తేదీ, ఆఖరి తేదీ ఉంటాయి. మధ్యలో గళ్లు: ఆఖరి నెల జీతం, మిగిలిన సెలవుల జీతం, సర్వీసు డబ్బు, టికెట్టు, కోతలు. కింద సంతకం పైన ఒక వాక్యం ఉంటుంది. ‘నా హక్కులన్నీ అందాయి, ఇక కంపెనీ మీద నాకే దావా లేదు’ అని దాని అర్థం. మీరు సంతకం పెట్టేది ఆ వాక్యానికే. డబ్బు అంకెలు పెన్సిల్‌తో వేసి ఉన్నా, గళ్లు ఖాళీగా ఉన్నా పెట్టొద్దు. చేరిన తేదీ ముఖ్యంగా చూడండి. కంపెనీ పేరు మారినప్పుడో, అకామా కొత్తగా కొట్టినప్పుడో ఆ తేదీ మూడు నాలుగేళ్లు ముందుకు జరిగిపోతుంది, సర్వీసు కూడా అంతే తరిగిపోతుంది. వాడుకోని సెలవులు కువైట్‌లో ఏడాదికి 30 రోజుల చొప్పున డబ్బుగా రావాలి, ఆ గడి ఎక్కువగా సున్నాగానే ఉంటుంది. అరబ్బీ చదవగలిగిన మనిషి, కంపెనీకి సంబంధం లేనివాడు, ఒక్కసారి చదివాక సంతకం పెట్టండి. డబ్బు ఖాతాలో పడ్డాకే ఆ సంతకం. తేడా ఉంటే కార్మిక శాఖకు వెళ్లండి. కువైట్‌లో పని ముగిసిన ఏడాది దాటితే దావా చెల్లదు.

తర్వాత వరుస. ఈ వరుస తప్పితే డబ్బు ఉండి కూడా చేతికి రాదు. వీసా రద్దయితే బతాకా చెల్లదు. బతాకా చెల్లకపోతే ఎక్స్‌ఛేంజి వాళ్లు డబ్బు పంపరు, బ్యాంకు ఖాతా ఆపేస్తుంది. కాబట్టి ముందు అప్పు, క్రెడిట్ కార్డు తీర్చి క్లియరెన్స్ ఉత్తరం తీసుకోండి. లోను మిగిలి ఉంటే సర్వీసు డబ్బు పడ్డ గంటలోనే బ్యాంకు పట్టుకుంటుంది. ఆ తర్వాత డబ్బు ఇంటికి పంపి, ఆఖరికి వీసా రద్దుకు ఇవ్వండి. డబ్బు బ్యాంకు ద్వారానో, ఎక్స్‌ఛేంజి ద్వారానో మాత్రమే పంపండి. హవాలాలో రెండు రూపాయలు ఎక్కువ వస్తాయని పంపితే, రేపు పొలం కొన్నప్పుడు ఆ డబ్బు ఎక్కడిదో చూపించలేరు. గదిలో వేసుకున్న చీటీలు కూడా తేల్చుకోండి. ఎత్తిన చీటీ బాకీ వదిలేసి వస్తే జామీను ఉన్నవాడు పక్క ఊరివాడే.

ప్రయాణ నిషేధం ఉందేమో కనీసం నెల ముందు చూసుకోండి. కువైట్‌లో ట్రాఫిక్ జరిమానాలు, కరెంటు, నీళ్లు, ఫోన్ బాకీలు కట్టనిదే దేశం దాటనివ్వరు. 2025 జూలై 1 నుంచి 18వ ఆర్టికల్ (ప్రైవేటు కంపెనీ వీసా) వాళ్లకు యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ కూడా కావాలి. సౌదీలో మీ పేరున బండి ఉంటే ఫైనల్ ఎగ్జిట్ (పూర్తిగా వెళ్లిపోయే వీసా) పడదు. పడ్డాక 60 రోజుల్లో బయలుదేరాలి. స్నేహితుడి ఫోన్ మీ బతాకా మీద తీసి ఇచ్చిన విషయం ఇలాంటప్పుడే గుర్తుకొస్తుంది.

సిమ్ చాలామంది మరిచిపోతారు. ఇక్కడి ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు (బయట ఉన్నవాళ్ల బ్యాంకు ఖాతా) గల్ఫ్ నంబరే ఇచ్చి ఉంటే, ఆ సిమ్ పోయిన రోజు నుంచి ఓటీపీ రాదు, మీ డబ్బు మీకే అందదు. బయలుదేరే ముందే ఇండియా నంబరు ఎక్కించుకోండి.

కంపెనీ లెటర్‌హెడ్ మీద, ముద్రతో, చేరిన తేదీ, మానేసిన తేదీ, చేసిన పని పేరు రాసిన అనుభవ పత్రం తీసుకోండి. వెల్డరుగా చేసినవాడికి ‘లేబర్’ అని రాసిస్తే అది ఇంకెక్కడా పనికిరాదు. మరో దేశం వెళ్లే ఆలోచన ఏమాత్రం ఉన్నా అక్కడి పోలీసు క్లియరెన్స్ ఉండగానే తీసుకోండి, ఇంటి నుంచి తెప్పించుకోవడం చాలా కష్టం. ఇన్సూరెన్స్ వీసాతోనే పోతుంది, పళ్లు, కళ్లు, షుగరు అవన్నీ ముందే చూపించుకోండి. పాత పాస్‌పోర్టులు పారేయొద్దు, బయట ఎన్నాళ్లున్నారో చూపించేవి ఆ ముద్రలే.

సామాను గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. డబుల్ బెడ్ దుప్పటి ఒక్కటే ఐదారు కిలోలు తూగుతుంది. ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే విమానంలో ఎక్కించరు. తాళ్లు చుట్టిన గుండ్రటి మూటలు చాలా చోట్ల తిప్పి పంపుతారు, చదునైన అట్టపెట్టె మేలు. పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. ఫ్లాట్ టీవీకి 2013 నుంచి సుంకం కట్టాలి, ఆ కష్టం ఎందుకు, ఇక్కడే కొనుక్కోండి. బంగారం విషయంలో ఏడాదికి పైగా బయట ఉన్న ఆడవాళ్లు 40 గ్రాములు, మగవాళ్లు 20 గ్రాముల నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. నగలు మాత్రమే, బిస్కెట్లు, కాసులు కాదు. ప్రయాణానికి ముందు నిబంధన మరోసారి చూసుకుని బిల్లులు దగ్గర పెట్టుకోండి. టికెట్టు మేం కొంటాం, ఈ పొట్లం హైదరాబాద్‌లో మావాడికి ఇవ్వండి అనే మాటకు మాత్రం ఎంత తెలిసినవాళ్లయినా ఒప్పుకోవద్దు. దొరికితే జైలుకు వెళ్లేది మోసినవాళ్లే.

సంక్రాంతికి వద్దామని అందరికీ ఉంటుంది. ఆ వారం టికెట్టు, శంషాబాద్ నుంచి బస్సు రెండూ మండిపోతాయి. సంక్రాంతి రోజుల ప్రభల తీర్థానికి కాకుండా, ఆ తర్వాత వచ్చే అంతర్వేది తీర్థానికి వచ్చేలా చూసుకుంటే డబ్బు బాగా మిగులుతుంది. భీమవరం, పాలకొల్లు, నరసాపురం వాళ్లకు రైలుంది. కోటిపల్లి–నరసాపురం లైను పూర్తికాలేదు కాబట్టి అమలాపురం వైపు వాళ్లు రోడ్డు మీదే రావాలి.

ఇంటికొచ్చాక మొదటి పని బ్యాంకు. పూర్తిగా వచ్చేశామని చెప్పి ఎన్‌ఆర్‌ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్పించండి. వడ్డీ మీద పన్ను మినహాయింపు బయట ఉన్నవాళ్లకే. రెండేళ్లు వాడని పాత ఖాతా ఆగిపోయి ఉంటుంది, దానికి మళ్లీ కేవైసీ ఇవ్వాలి. డ్రైవర్లు లైసెన్సు తేదీ చూసుకోండి, గడువు దాటి ఏడాది అయితే మళ్లీ పరీక్షకు వెళ్లాలి. రేషన్ కార్డులో పేరు తీసేశారేమో సచివాలయంలో అడగండి. తమ్ముడికో, బావకో రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ మీరు వచ్చినంత మాత్రాన రద్దయిపోదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రద్దు పత్రం రిజిస్టర్ చేయించి, వాళ్లకూ కాగితం మీద తెలపాలి. ఇంట్లో మనుషుల్ని అనుమానించినట్టు అనుకోకండి, వాళ్లకూ అదే క్షేమం. లేనప్పుడు రీసర్వే అయి ఉంటే సర్వే నంబరు బదులు ఎల్పీఎం నంబరు (కొత్త పటంలో ఆ భూమికిచ్చిన నంబరు) వచ్చి ఉంటుంది. అడంగల్, 1బీ అనే భూమి రికార్డుల్లో పేరు, విస్తీర్ణం సరిపోయాయో చూసి, పనిలో పనిగా ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) కూడా తీయించండి.

వచ్చిన నెలలోనే రొయ్యల చెరువు కౌలుకు అడిగేవాళ్లు వస్తారు. మేత, మందు డీలరు దగ్గర అరువు, కరెంటు, ఏరేటర్ల డీజిలు అన్నీ కలిపితే కౌలు అందులో చిన్న ఖర్చు. తెల్లమచ్చ రోగం వస్తే నాలుగు రోజుల్లో పట్టేయాలి, చిన్న రొయ్యకు ధర ఉండదు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్య బాగున్నవాళ్లు కూడా నష్టపోయారు. చేయాలనుకుంటే ఒక పంట కాలం తెలిసినవాళ్ల చెరువు గట్టు మీద ఉండి చూసి, అప్పుడు దిగండి.

ఇల్లు కట్టే ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం మెరక (స్థలం ఎత్తు పెంచే మట్టి) ముందే వేయించాలి. కొత్తగా పోసిన మట్టి ఒక వర్షాకాలం తడిసి కుంగాలి. వేసవిలో మెరక వేసి, వానలు దాటనిచ్చి, సంక్రాంతి తర్వాత పునాది తీస్తే గోడలు బీటలు తీయవు. లంక ఊళ్లవాళ్లు 2022 జూలై వరద నీళ్లు ఎంతవరకు వచ్చాయో పక్కింటి గోడ మీద చూసి, అరుగు దానికి రెండు అడుగులు పైన పెట్టించుకోండి.