‘పి’ నుంచి కదలని గేరు: బ్రేక్ స్విచ్ లోపం దొరికిన తీరు

ఒక ఉదయం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా ఆటోమేటిక్ కారు ఎప్పటిలాగే స్టార్టయింది గాని, బ్రేక్ తొక్కి ఎంత లాగినా గేర్ లివర్ ‘పి’ (పార్కింగ్) నుంచి కదలలేదు. నాలుగైదుసార్లు తొక్కి వదిలాక ఉన్నట్టుండి కదిలింది. రెండు రోజుల తర్వాత పూర్తిగా మొరాయించింది. ఫోన్‌లో సంగతి విన్న మెకానిక్ గేర్‌బాక్స్ విప్పి చూడవలసి రావచ్చన్నాడు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పడమంటే చిన్న ఖర్చు కాదు కాబట్టి, ఒప్పుకునే ముందు నేనే కొంత పరీక్షించాలనుకున్నాను.

ఇలాంటి కార్లలో బ్రేక్ తొక్కిన సంకేతం అందితేనే లివర్ దగ్గరున్న సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న అయస్కాంత పరికరం) గేరు తాళాన్ని వదులుతుంది. ఆ సంకేతం పంపేది పెడల్ పైభాగాన బ్రాకెట్‌కు బిగించిన చిన్న స్విచ్. వెనక బ్రేక్ లైట్లను వెలిగించేదీ అదే. అందుకని మా ఆవిడను కారు వెనక నిలబడి చూడమని చెప్పి పెడల్ తొక్కాను. కుడి, ఎడమ లైట్లతో పాటు వెనక అద్దం దగ్గరుండే మూడోదీ వెలగలేదు. మూడూ ఒకేసారి పోవడం అరుదు కనుక లోపం బల్బుల్లో కాక అంతకు ముందే ఎక్కడో ఉందనిపించింది. అయితే ఆ క్షణంలో గేరు సంగతే మరిచిపోయాను. ఈ రెండు రోజులూ, బహుశా అంతకు ముందు నుంచీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద నేను బ్రేక్ వేస్తున్నట్టు వెనక వచ్చే వాహనాలకు తెలియకుండానే నడిపి ఉంటానన్న ఆలోచన నన్ను నిజంగా భయపెట్టింది.

ఫ్యూజ్ బాగానే ఉంది. డాష్‌బోర్డు కిందికి తల దూర్చి, కరెంటు వస్తోందో లేదో కొలిచే మల్టీమీటర్ నల్ల తీగను బాడీకీ, ఎర్ర తీగను స్విచ్ కనెక్టర్‌కూ ఆనించి చూశాను. మా కారు స్విచ్‌కు నాలుగు తీగలున్నాయి: బ్రేక్ తొక్కితే ఒక జత కలుస్తుంది, మరో జత విడిపోతుంది. లైట్ల జతలో ఒక తీగకు ఎప్పుడూ 12 వోల్టులకు కాస్త పైనే వస్తుండగా, పెడల్ తొక్కినా రెండో తీగలో సున్నాయే కనిపించింది. అప్పటికీ స్విచ్‌ను తప్పుపట్టకుండా, పెడల్ పైన ఉన్నప్పుడు స్విచ్‌లోకి నొక్కుకుని ఉండే చిన్న కడ్డీ, అంటే ప్లంజర్, పెడల్ కిందికి వెళ్లినప్పుడు పూర్తిగా బయటికి వస్తోందో లేదో టార్చి వేసి చూశాను, వస్తోంది. చివరికి స్విచ్‌ను పావు మలుపు తిప్పి ఊడదీసి, మీటర్‌ను ఓమ్స్‌లో (తీగలు కలుస్తున్నాయో లేదో తెలిపే కొలతలో) పెట్టి, ప్లంజర్‌ను వేలితో ఇరవైసార్లు నొక్కి వదిలితే లైట్ల జత మూడు నాలుగుసార్లే కలిసింది. గేరు మొదట్లో అప్పుడప్పుడూ కదలడానికి కారణం అప్పుడు అర్థమైంది.

కొత్త స్విచ్ బిగించగానే లివర్ కదిలింది గాని, పెడల్ వదిలినా లైట్లు ఆరలేదు. ప్లంజర్ తగినంత లోపలికి నొక్కుకోవడం లేదని గ్రహించి స్విచ్‌ను పెడల్‌కు కొంచెం దగ్గరగా జరిపాను. మరీ దగ్గరైతే పెడల్ పూర్తిగా పైకి రాక బ్రేకులు పట్టేసే ప్రమాదం ఉంది గనుక, కొద్దికొద్దిగా సవరిస్తూ, కాలు ఆనించగానే వెనక గోడ ఎర్రబడి, తీయగానే మామూలు కావడం పదిసార్లు చూసుకున్నాకే కారు బయటికి తీశాను.