మాల్దీవ్స్ ట్రిప్ ప్లాన్ చేసిన నా అనుభవం: ఫ్లైట్ కంటే ముందు పడవ చూసుకోండి

మాల్దీవ్స్ అంటే మా ఇంట్లో అందరికీ నీళ్ళ మీద చెక్క గుడిసెలు, హీరోయిన్ల ఫొటోలు, రోజుకి లక్ష రూపాయలు, అంతే. నేనూ అలాగే అనుకున్నా, మా ఆఫీసులో ఒకావిడ ఊరి దీవిలో గెస్ట్ హౌస్ తీసుకుని వెళ్ళొచ్చానని చెప్పేదాకా. అక్కడ రిసార్ట్ దీవులు వేరు, జనం కాపురం ఉండే దీవులు వేరు అట, ఈ ఊరి దీవుల్లో గెస్ట్ హౌస్‌లు 2009-10 ప్రాంతాల్లో మొదలయ్యాయట. సరే అని సంక్రాంతి అయ్యాక జనవరి చివర్లో పెట్టుకున్నాం, నలుగురం, నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ మా బాబు, అరవై ఎనిమిదేళ్ళ మా అత్తయ్య. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానలు తక్కువ, సముద్రం కూడా కాస్త నెమ్మదిగా ఉంటుంది. మే తర్వాత నైరుతి గాలులు, రూములు చవకే కానీ పడవలో అత్తయ్యతో వెళ్ళాలి కదా, ఆ రిస్క్ వద్దనుకున్నాం.

మొదటి దెబ్బ మా వాడి పాస్‌పోర్ట్. పిల్లల పాస్‌పోర్ట్ అయిదేళ్ళే అన్న సంగతి నాకు గుర్తే లేదు, తీసి చూస్తే ఎప్పుడో అయిపోయింది. మా ఇద్దరి పాస్‌పోర్ట్‌లూ బానే ఉన్నాయి కాబట్టి పోలీస్ వెరిఫికేషన్ లేకుండానే కొత్తది వచ్చేసింది గానీ ఆ పది రోజులూ నేను టికెట్ రేట్లు పెరగడం చూస్తూ కూర్చున్నా. వీసా గొడవ మాత్రం లేదు, మన ఇండియన్ పాస్‌పోర్ట్‌కి అక్కడ దిగాక ఫ్రీగా స్టాంప్ వేస్తారు, రిటర్న్ టికెట్, రూమ్ బుకింగ్ ఉంటే చాలు.

ఇక అసలు సంగతి. మా ఆయనేమో ఆఫర్ ఉంది అని బెంగళూరు మీదుగా రాత్రి దిగే ఫ్లైట్ చూసి బుక్ చేసేద్దాం అన్నాడు. నాకేమో అరి అటోల్‌లో (అటోల్ అంటే దీవుల గుంపు) ఉకుల్హాస్ అనే దీవి నచ్చింది, చాలా శుభ్రంగా ఉంటుందంటారు. అదృష్టం కొద్దీ డబ్బు కట్టే ముందు అక్కడి గెస్ట్ హౌస్‌కి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టా, మేం రాత్రి ఎనిమిదిన్నరకి దిగుతాం అని. అతను ఒక్క ముక్కలో తేల్చేశాడు, ఆ టైమ్‌కి మా పడవ ఉండదు, రాత్రికి ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉన్న హుల్హుమాలేలో ఉండి పొద్దున రండి అని. అంటే ఫ్లైట్‌లో మిగిలిన మూడు వేలు పోను, ఒక రాత్రి హోటల్, రెండు టాక్సీలు, సగం రోజు గోవింద. అప్పుడర్థమైంది, ఎయిర్‌పోర్ట్ ఉన్నది కూడా ఒక దీవి మీదే, అక్కణ్ణుంచి రాజధాని మాలే, హుల్హుమాలే తప్ప ఎటు వెళ్ళాలన్నా నీళ్ళే కదా, కాబట్టి ముందు దీవి, తర్వాత ఆ దీవికి పడవ టైములు, ఆ తర్వాతే ఫ్లైట్. మేం తలకిందులుగా మొదలెట్టాం.

చివరికి మాఫుషి అనే దీవికి మార్చుకున్నాం. ఎయిర్‌పోర్ట్ నుంచి స్పీడ్‌బోట్‌లో అరగంట పైన, రోజంతా పడవలు తిరుగుతుంటాయి, పెద్దావిడతో అదే నయం. జనం ఎక్కువ, ప్రశాంతత కోరుకునేవాళ్ళకి నచ్చకపోవచ్చు, పైగా ఆ దీవిలో ఒక పక్కన జైలు కూడా ఉంది (మా వాడికి ట్రిప్ మొత్తంలో బాగా నచ్చిన విషయం ఇదే). మధ్యాహ్నం దిగే ఫ్లైట్ తీసుకున్నాం. వచ్చేటప్పుడు సర్కారు ఫెర్రీలో మాలేకి వచ్చి డబ్బు మిగుల్చుదాం అని నేను ఒక ప్లాన్ వేశా, అది చాలా చవక, కాకపోతే గంటన్నర పడుతుంది. కానీ మా రిటర్న్ శుక్రవారం, అక్కడ శుక్రవారం సెలవు, ఆ ఫెర్రీ నడవదు. స్పీడ్‌బోట్‌లు కూడా ఆ రోజు నమాజు టైముని బట్టి మారతాయట. మళ్ళీ రాను పోను స్పీడ్‌బోటే, మనిషికి ఒక్కో వైపు 25 డాలర్లు, మా వాడికీ ఫుల్ టికెట్, అంటే 200 డాలర్లు నీళ్ళలోనే పోశాం.

రూమ్ రేటు విషయంలో కూడా జాగ్రత్త. నేను చూసింది రోజుకి 80 డాలర్ల ఫ్యామిలీ రూమ్. దానిమీద 10 శాతం సర్వీస్ చార్జ్, 88 అయింది. ఆ మొత్తం మీద 17 శాతం టూరిజం జీఎస్టీ, ఇంచుమించు 103. ఆపైన గ్రీన్ ట్యాక్స్ అని చిన్న గెస్ట్ హౌస్‌లలో మనిషికి రోజుకి 6 డాలర్లు, నలుగురికి 24. వెరసి 127. నాలుగు రాత్రులకి 320 అనుకున్నది 508 అయింది. బుకింగ్ యాప్‌లో మొదటి పేజీలో కనిపించే అంకెని నమ్మకండి, ట్యాక్స్‌లతో కలిపి ఎంతో గెస్ట్ హౌస్ వాళ్ళనే రాసి పంపమనండి. డబ్బు మేం డాలర్ల నోట్లే పట్టుకెళ్ళాం, అన్నిచోట్లా తీసుకుంటారు, చిల్లర మాత్రం వాళ్ళ రుఫియాల్లో ఇస్తారు, డాలర్‌కి 15 పైన లెక్క.

ఇమూగా అని ఒక ఆన్‌లైన్ ఫారం ఉంటుంది, వెళ్ళేముందు 96 గంటల లోపు నింపాలి, పూర్తిగా ఉచితం. మా ఆయన గూగుల్‌లో పైన వచ్చిన లింక్ నొక్కి అచ్చం అలాగే ఉన్న ఏదో సైట్‌లో నలుగురికీ ఫీజు కట్టేశాడు. ఆ డబ్బు రాలేదు, రాదు కూడా. మళ్ళీ వాళ్ళ ఇమిగ్రేషన్ అసలు సైట్‌లో నేను కూర్చుని నింపా, క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. తిరిగొచ్చేటప్పుడు కూడా ఇంకోసారి నింపాలి, అది చాలామంది మర్చిపోతారు.

ఇప్పుడు బయల్దేరే ముందు రాత్రి సీన్. అత్తయ్య బ్యాగ్ బరువు ఎక్కువుందని తీసి చూస్తున్నా, ఆవకాయ సీసా, మరమరాలు, బీపీ మాత్రలు, అడుగున పసుపు గుడ్డలో చుట్టి అరచేతిలో పట్టేంత వెంకటేశ్వర స్వామి ఇత్తడి విగ్రహం.

"అత్తయ్యా, ఇది అక్కడికి తీసుకెళ్ళకూడదు. పూజ చేసుకునే విగ్రహాలు వాళ్ళ కస్టమ్స్‌లో నిషేధం."

"దేవుడికి కస్టమ్స్ ఏంటమ్మా? నేనేమైనా అమ్ముకుంటానా?"

నిజంగానే ఆ లిస్టులో ఉంది. మద్యం, పంది మాంసం, ఈ-సిగరెట్లు (వేప్‌లు), విగ్రహాలు. డ్యూటీ ఫ్రీలో మందు బాటిల్ కొనుక్కున్నా అక్కడ కస్టమ్స్‌లో పెట్టుకుని వెళ్ళేటప్పుడు ఇస్తారట, కానీ దేవుణ్ణి అలా రసీదు రాసి పెట్టిస్తామా? నేను ఫోన్‌లో చూపిస్తే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఏం మాట్లాడకుండా విగ్రహాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి, అప్పటికి రాత్రి పది దాటినా ఎదురింటి వాళ్ళ తలుపు కొట్టి వాళ్ళ పూజ గదిలో పెట్టొచ్చింది. రోజూ దీపం పెట్టమని కూడా చెప్పింది.

అక్కడ దిగాక ఏ ఇబ్బందీ రాలేదు. బయటికి రాగానే రోడ్డు బదులు నీలంగా సముద్రం, ఆటోస్టాండ్‌లా పడవలు. తిండి దగ్గరే కాస్త కంగారు. మొదటి రోజు టిఫిన్‌కి రోషి అని మన చపాతీ లాంటిది, పక్కన తెల్లగా తురుము, అందులో సన్నగా ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ వాసన. "అబ్బ, కొబ్బరి పచ్చడే" అని అత్తయ్య ముక్క తుంచి అద్దబోతుంటే నేను పళ్ళెం లాగేశా. అది మస్ హుని, సగం కొబ్బరి, సగం ట్యూనా చేప. ఆవిడ పుట్టు శాకాహారి. వంటాయన బంగ్లాదేశ్ మనిషి, నా హిందీ, ఆయన హిందీ కలిపి మొత్తానికి చెప్పా, మర్నాటి నుంచి చేప వేయకముందే ఆవిడకి కొబ్బరి తురుము వేరే గిన్నెలో తీసేవాడు. దానికి ఆవకాయ తోడు. శాకాహారులు వెళ్తుంటే "వెజ్" అని ఊరుకోకండి, చేప కూడా వద్దు అని విడిగా చెప్పండి.

ఇంకో రెండు చిన్న విషయాలు: ప్లగ్‌లు మూడు చదరపు కాళ్ళవి, మన చార్జర్ పట్టదు. ఊళ్ళో పద్ధతైన బట్టలు, ఈత దుస్తులకి బికినీ బీచ్ అని వేరే ఉంది.

బయల్దేరే రోజు మా వాడి నిక్కరు జేబుల నిండా పగడపు ముక్కలు, అవి దేశం దాటించకూడదు, ఏడుస్తున్నా సరే ఒడ్డున పోయించా. ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండున్నర. అత్తయ్య భుజాన బ్యాగ్ కూడా దించకుండా ఎదురింటి బెల్ మీద చెయ్యి వేయబోయింది, పడుకుని ఉంటారు, పొద్దున తెచ్చుకుందురు గానీ అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చా.