750 యువాన్ల కెమెరా

పోయిన వారం ఓ సెకండ్ హ్యాండ్ కెమెరా కోసం ముక్కూ మొహం తెలియని మనిషికి 4 వేలు ముందే పంపేశాను. గంట తిరక్కుండా ఫోన్ స్విచాఫ్. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

నిద్ర పట్టక జాక్ మా గురించి చదువుతూ కూర్చున్నా. కాలేజీ ఎంట్రన్స్ రెండుసార్లు తప్పి, చైనాలోని హాంగ్‌జౌలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకున్న మాస్టారు. 1999లో తన ఫ్లాట్‌లోనే ఇంకో 17 మందిని కూర్చోబెట్టి అలీబాబా అనే ఆన్‌లైన్ వ్యాపార కంపెనీ మొదలుపెట్టాడు. ఇదంతా అందరికీ తెలిసిందేలెండి.

నన్ను ఆపింది 2003 నాటి సంగతి. అలీబాబా వాళ్ల ఆన్‌లైన్ అంగడి టావోబావోలో సరుకు పెట్టేవాళ్లున్నారు, చూసేవాళ్లున్నారు, కొనేవాళ్లే లేరు. డబ్బు ముందు పంపాలంటే వీళ్లకు భయం, సరుకు ముందు పంపాలంటే వాళ్లకు భయం. అచ్చం నా టెన్షనే! అందుకని డబ్బు మధ్యలో కంపెనీయే పట్టుకుంటుంది, సరుకు అందిందని కొన్నవాడు చెప్పాకే అమ్మినవాడికి ఇస్తుంది. మన ఊళ్లో పెద్దమనిషి చేతిలో బయానా పెట్టినట్టే. అదే అలీపే. ఆ ఏడాది అక్టోబర్‌లో అలా జరిగిన మొదటి బేరం ఏంటో తెలుసా? జపాన్‌లో ఉన్న ఓ చైనా విద్యార్థి 750 యువాన్లకు అమ్మిన పాత ఫ్యూజీ కెమెరా!

ఆ అలీపేను నడిపే కంపెనీయే తర్వాత యాంట్ గ్రూప్ అయింది. 2020 అక్టోబర్‌లో జాక్ మా బ్యాంకుల్ని తాకట్టు దుకాణాలతో పోల్చాడు, నవంబర్‌లో యాంట్ ఐపీఓ (షేర్లు మొదటిసారి జనానికి అమ్మడం) ఆగిపోయింది. మాస్టారి నోరు మాస్టారిదే.

అన్నట్టు, ఆ నంబర్ ఇవాళ కూడా స్విచాఫే.